ఓవెన్‌లో కేకు ఉంది

కేకు ఓవెన్‌లో ఉండగా ఇంట్లో గెంతకూడదని ట్రూడీకి ఎవరూ చెప్పలేదు. అందుకే రేడియోలో తనకిష్టమైన పాట రాగానే చేతిలో గరిటెతో సహా గెంతింది.

పెళ్ళై ఇంకా రెండు నెలలు నిండలేదు. బడి వెనక సందులో అద్దెకు తీసుకున్న ఆ రెండు గదుల ఇల్లంటే ఆమెకు ప్రాణం. వంటగది ఎంత చిన్నదంటే, మధ్యలో నిలబడితే ఒక చేతికి పొయ్యి, ఇంకో చేతికి కుళాయి అందుతాయి. అదీ ముచ్చటే. కిటికీకి తనే కుట్టి వేలాడదీసిన వంకర తెర ముచ్చటే. పెళ్ళికి ఎవరో ఇచ్చిన పింగాణీ గిన్నె అంచున లేచిన చిన్న పెచ్చు కూడా ముచ్చటే. పొద్దున్న కళ్ళు తెరవగానే పక్కన ఒక మనిషి ఉన్నాడని గుర్తుకు రావడం, ఆ మనిషి వెస్లీ కావడం అన్నిటికన్నా పెద్ద ముచ్చట. ఆమె అక్షరాలు కూడా రాని పసిపిల్లలకు టీచరు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ పిల్లల గంతులు ఆమె కాళ్ళలోనే ఉండిపోయేవి.

ఆదివారం మామగారు హార్లన్ పుట్టినరోజు. ఏటా ఆ రోజున ఆ ఇంట్లో చాక్లెట్ కేకు చేసి, అది పొగలు కక్కుతుండగానే పైన కరిగించిన పీనట్ బటర్ పొయ్యాలి. మరో కేకు చెయ్యడానికి వీల్లేదు. "ఈసారి నీ చేత్తో చెయ్యి పిల్లా, నేను పక్కనే ఉంటాగా," అంది అత్తగారు ఆల్మా. ఇవాళ గురువారం. ఇది పరీక్షకు ముందు సాధన.

మైదా, కోకో పొడి, వంట సోడా, ఉప్పు కలిపి జల్లించింది. గుడ్లు, మజ్జిగ, నూనె వేసి గిలక్కొట్టింది. చివర్న మరుగుతున్న కాఫీ డికాషన్ పోసేసరికి పిండి కాస్తా నీళ్ళలా అయిపోయి గుండె గుభేలుమంది. కానీ ఆల్మా ముందే చెప్పింది, "పాడైపోయిందిరా దేవుడా అనుకుంటావు చూడు, అప్పుడే సరిగ్గా వచ్చినట్టు." ఆ మాట నమ్మి పళ్ళెంలో పోసి ఓవెన్‌లో పెట్టేసింది. గరిటెకి అంటినదంతా నాకేసింది. పాట వచ్చింది. గెంతింది.

అప్పుడే వెస్లీ తలుపు తీశాడు. ఊరి చివర ట్రాక్టర్ల షెడ్డులో పని అతనిది. ఒళ్ళంతా గ్రీజు వాసన, ఎర్రమట్టి. గుమ్మంలో నిలబడి ఓవెన్ లోపల వెలుగుతున్న దీపాన్ని చూశాడు. నవ్వబోయిన మొహం అలాగే ఆగిపోయింది. వంగి బూట్ల తాళ్ళు విప్పాడు, చప్పుడు కాకుండా బూట్లు బయట పెట్టాడు, తలుపుని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా మూశాడు. తరవాత గోడ వారనే, మునివేళ్ళ మీద, వంటగదిలోకి వచ్చాడు.

ట్రూడీకి నవ్వాగలేదు. "ఆరడుగుల మగాడివి, ఆ పిల్లి నడకేంటి బాబూ? దొంగతనానికొచ్చావా?"

"ష్. ఓవెన్‌లో కేకు ఉంది."

"ఉంటే?"

"అడుగుల అదురుకి కుంగిపోతుంది. మధ్యలో గుంట పడిపోతుంది."

"ఇందాకట్నుంచి డాన్సే చేస్తున్నా నేను. చూడు," అని ఆమె రెండు కాళ్ళూ ఎత్తి మళ్ళీ గెంతబోయింది.

వెస్లీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దన్నానా." గట్టిగా అనలేదు. అరుపైతే ఆమె నవ్వేసేదే. అది చల్లగా, మెల్లగా, వేరే ఎవరి గొంతో అరువు తెచ్చుకున్నట్టు వచ్చింది. రేడియోలో పాట అలా పాడుతూనే ఉంది. అతను వేళ్ళు విడిచాక, ఆమె చేతి మీద తెల్లగా పడిన గుర్తులు నెమ్మదిగా ఎరుపెక్కడం ఇద్దరూ చూశారు. అతనైతే తన చేతిని చూసుకున్నాడు, అది ఎక్కడిదన్నట్టు.

"ట్రూడ్... నాకు తెలీకుండానే..."

"సర్లే," అంది ఆమె. కానీ గెంతలేదు.

అతను బల్ల దగ్గర కూర్చుని, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికేమో, నవ్వు మొహం పెట్టి చెప్పాడు. "నాకు ఏడేళ్ళప్పుడు, ఇలాగే నాన్న పుట్టినరోజు. నేను వరండాలోంచి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చా. కేకు తీసి చూస్తే పళ్ళెంలో పలకలా పడుకుంది. నాన్న ఏమీ అనలేదు. పళ్ళెం తీసుకెళ్ళి కుక్కల ముందు పెట్టాడు. కుక్కలు తిన్నంతసేపూ నన్ను అక్కడే నిలబడి చూడమన్నాడు, అంతే. మా కుక్క మూతి చూడాల్సింది, మీసాలన్నీ చాక్లెట్టే."

"తరవాత?"

"తరవాతేముంది? అమ్మ ఇంకో కేకు చేసింది." అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

కేకు బయటికొచ్చింది. మధ్యలో గుంట లేదు, పగులు లేదు, పసిపిల్ల బుగ్గలా ఉబ్బి ఉంది. వెస్లీ వేలితో నొక్కితే లోపలికెళ్ళి మళ్ళీ పైకొచ్చింది. అతను చాలాసేపు దానివంక చూశాడు.

"ఇక్కడ కింద గచ్చు కదా, అందుకే," అన్నాడు చివరికి. "నాన్న వాళ్ళింట్లో చెక్క నేల. ఇటుక దిమ్మల మీద నిలబెట్టిన ఇల్లు. పిల్లి దూకినా ఇల్లంతా తెలుస్తుంది."

పీనట్ బటర్ పోసి, పళ్ళెంలోనే చెరో చెంచాతో తినేశారు. నాలుక కాలింది. ఆమె ముక్కుకి అంటిన చాక్లెట్‌ని అతను బొటనవేలితో తుడిచాడు. అంతా మళ్ళీ మామూలైపోయిందనుకునేంతలో, చెంచా నాకుతూ, ఆమెవంక చూడకుండా అన్నాడు. "నాన్న ఫోన్ చేశాడు. తన పొలంలో పంపు షెడ్డు వెనకాల నేల చదును చేయించాడట. బండికి కట్టి లాక్కొచ్చే చక్రాల ఇల్లు ఒకటి చూశాడట. మనకి."

"మనకి ఇల్లుంది."

"అద్దెది కదా అంటాడు. ఒక్కడే కొడుకుని, అన్నం తినే వేళకి పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలంటాడు."

"నువ్వేమన్నావ్?"

అతను చెంచాతో పళ్ళెం అడుగు గీరాడు.

"'అలాగే సార్' అన్నావు," అంది ట్రూడీ. ఆ ప్రాంతంలో కొడుకులు తండ్రులని 'సార్' అనడం ఆమెకు కొత్త కాదు. తన అన్నదమ్ములూ అనేవాళ్ళు. కానీ నవ్వుతూ అనేవాళ్ళు. "నాకిష్టం లేదు వెస్. అక్కడికెళ్తే మనిద్దరిలో ఎవరం ఎవరిలా తయారవుతామో నాకు తెలీదు."

"నాకూ ఇష్టం లేదు."

"మరి చెప్పు."

"చెప్తా. ఇప్పుడు నాన్న వేరుశనగ కాయంతా పీకి పొలంలో ఉంది. సముద్రం మీద తుఫానుందంటున్నారు. ఆ మబ్బు ఎటు పోతుందో తేలనీ. ఆదివారం చెప్తా."

శనివారం పొద్దున, పీనట్ బటర్ కోసం పల్లీలు వేయించడానికి అత్తగారింటికి వెళ్ళారు. దారి పొడుగునా పొలాల్లో వేరుశనగ చెట్లు వేళ్ళు పైకి, ఆకులు కిందికి వరుసలు వరుసలుగా పడి ఉన్నాయి. గాలి లేదు. పచ్చికాయ వాసన, తడిమట్టి వాసన కారులోకి వచ్చి కూర్చున్నాయి. దక్షిణం వైపు ఆకాశం కమిలిన చర్మం రంగులో ఉంది. ఈ కాయ మీద ఇంకో రెండు ఎండలు పడాలి. వాన పడితే ముక్కిపోతుంది, నల్లబడుతుంది, బూజు పడుతుంది. సంవత్సరం పంట నేల మీదే పోతుంది. రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతి పికప్ బండిలోనూ మనిషి మెడ సాచి ఆకాశం వైపే చూస్తున్నాడు.

వెస్లీ పొలంలోకి వెళ్ళాడు. ట్రూడీ వంటింటి మెట్లెక్కింది.

"రా తల్లీ, రా," అంది ఆల్మా. సన్నగా, పొడుగ్గా, ముంజేతుల దాకా పిండితో ఉంది. ఆమె మాట ఎప్పుడూ గుసగుసకి ఒక మెట్టు పైన ఉండేది. "పొయ్యి వెలిగించా. నీ బూట్లు అక్కడ విడిచెయ్."

"ఇవాళ ఓవెన్‌లో కేకు లేదుగా మిస్ ఆల్మా?"

ఆల్మా ఒక క్షణం ఆలోచించి, తనకే వింతగా తోచినట్టు నవ్వింది. "లేదు కదూ. అలవాటు. నువ్వు ఇంకా మిస్ ఆల్మా ఏంటే, అమ్మా అనకూడదూ?"

ఆ వంటగదంటే ట్రూడీకి ఇష్టంగానే ఉండేది. ఎండకి వెలిసిన చెక్క నేల అరిగి అరిగి నున్నగా, కాళ్ళకి చల్లగా ఉండేది. పెద్ద ఇనప మూకుడు. గోడకి కట్టిన అలమర, దాని సొరుగులో చెంచాలు. ఇవాళ మాత్రం ఆమెకి ఆ నేల మీద ఒక విషయం కనిపించింది. మధ్యలో చెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి, గోడ వారన చెక్కలే అరిగిపోయాయి. ఇంట్లో వాళ్ళంతా ఎన్నో ఏళ్ళుగా గోడలు పట్టుకుని నడిచినట్టు.

మూకుట్లో పల్లీలు చిటపటమన్నాయి. ఆల్మా గరిటెతో తిప్పుతూ, కళ్ళతో కాక ముక్కుతో చూసేది. "ఇదిగో, ఈ వాసన మారిందా? ఇప్పుడు దించాలి. రంగు చూసి దించావా, మాడినట్టే." పాత తువ్వాల్లో పోసి నలిపితే పొట్టంతా ఊడి రెక్కలున్న పురుగుల్లా ఎగిరింది. ట్రూడీ ఊదింది, పొట్టు ఆమె జుట్టు నిండా పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మర తిప్పుతుంటే మొదట పొడి, తరవాత ముద్ద, తరవాత ఉన్నట్టుండి నూనె వదిలి జారుగా మెరుస్తూ వచ్చింది. ఆ క్షణం ట్రూడీకి ఎంత నచ్చిందంటే చప్పట్లు కొట్టబోయింది. ఉప్పు వేసి, వేలితో రుచి చూశారు.

"అబ్బ!" అంది ట్రూడీ. "దీన్ని కేకు మీద పొయ్యక్కర్లేదు, నాకు ఒక చెంచా ఇవ్వండి చాలు."

"బావుంది కదూ?" అంది ఆల్మా, మొహం విప్పారి. అలా అంటూనే ఆమె తల ఒక పక్కకి వాలింది, లేడి చెవి రిక్కించినట్టు. ట్రూడీకి ఏమీ వినిపించలేదు. ఒక్క క్షణం తరవాత వినిపించింది. కంకర మీద బండి చక్రాలు.

ఆల్మా బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

హార్లన్ పెద్దమనిషి. గుమ్మంలో టోపీ తీస్తాడు, ఆడవాళ్ళ ముందు తిట్టుమాట పలకడు, ఎన్నడూ గొంతు పెంచడు. "ఏం టీచరమ్మా, మా ఇంట్లో పాఠాలు నేర్చుకుంటున్నావా?" అన్నాడు. బురద బూట్లతో నేల మధ్య నుంచి నడిచొచ్చాడు, సొరుగులో చెంచాలు గలగలమన్నాయి. గిన్నెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, కిటికీలోంచి దక్షిణం వైపు చూస్తూ చప్పరించాడు.

"ఉప్పెక్కువైంది."

అతను గిన్నె తీసుకున్నాడు, పెరటి తలుపు తీశాడు, వంగి దాన్ని మెట్టు మీద పెట్టాడు. ఇంటి కింద నీడలో పడుకున్న కుక్కలు రెండూ లేచి వచ్చాయి. కోపంగా చెయ్యలేదు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినంత మామూలుగా చేశాడు.

"రేపటికి సరిగ్గా చెయ్యి ఆల్మా," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ట్రూడీ వేలి చివర ఇంకా కొంచెం అంటి ఉంది. నాలుకకి తగిలించి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆమె తిరిగేసరికి ఆల్మా అప్పుడే మూకుడు కడిగి పొయ్యి మీద పెట్టేసింది, ఇంకో సంచి విప్పుతోంది. ఆమె చేతుల్లో తొందర లేదు, కోపం లేదు. అదే ట్రూడీని ఎక్కువ భయపెట్టింది.

"ఉప్పు సరిపోయింది," అంది ట్రూడీ.

"కాయ నేల మీదుంది కదా తల్లీ," అంది ఆల్మా పల్లీలు పోస్తూ. "మబ్బు చూస్తే మనిషికి ఏదీ రుచించదు. ఈ తుఫాను గండం గట్టెక్కనీ, ఆయన వేరే మనిషే."

బయట కుక్కలు గిన్నె నాకుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ రాత్రి తుఫాను తూర్పుకి తిరిగిపోయింది. ఆదివారం పొద్దున చర్చిలో పాదిరీ ప్రార్థన ముగించకముందే కిటికీలోంచి ఎండ వచ్చి బెంచీల మీద పడింది. ఒక ముసలి రైతు ఆమెన్ అన్న తీరుకి ఊరంతా నవ్వేసింది. బయట మెట్ల మీద మగవాళ్ళు హార్లన్ చెయ్యి ఊపి ఊపి కరచాలనం చేశారు. "పుట్టినరోజు కానుక దేవుడే ఇచ్చాడు హార్లన్!" అన్నారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

కారులో వెస్లీ ట్రూడీ చెయ్యి తీసుకుని మణికట్టు మీద ముద్దు పెట్టుకున్నాడు. గుర్తులు ఎప్పుడో పోయాయి, అయినా అక్కడే పెట్టుకున్నాడు. "ఇవాళ చెప్పేస్తా," అన్నాడు. "ఇవాళ మంచి రోజు." ఆమె ప్రాణం తేలికపడి, దారంతా పాట పాడింది.

భోజనానికి కోడి వేపుడు, బీన్సు, అన్నం, గోధుమరంగు గ్రేవీ. హార్లన్ చెంచా పట్టుకునేదాకా ఎవరూ చెంచా ముట్టుకోలేదు. అతను ఒక ముక్క కొరికి, నమిలి, పళ్ళేన్ని వేలితో ఒక అంగుళం దూరం జరిపాడు.

"చల్లారిపోయింది," అన్నాడు.

"చర్చి నించి రాగానే వేయించా హార్లన్..."

"నేను ఎప్పుడు వేయించావని అడగలేదు."

ఆల్మా లేచి ఆ పళ్ళెం తీసుకెళ్ళింది. కిటికీ అవతల ఎండ, నీలం, పొలాల మీద మెరుస్తున్న కాయ. ట్రూడీ ఆ ఎండని చూసింది, మామగారిని చూసింది, మళ్ళీ ఎండని చూసింది. గండం గట్టెక్కింది. వేరే మనిషి ఎవరూ రాలేదు.

"మంగళవారం వస్తోంది," అన్నాడు హార్లన్ ఐసు వేసిన టీ తాగుతూ, వెస్లీతో. "ఇల్లు. నీళ్ళ గొట్టం నేను కలిపిస్తా. కరెంటు పని నువ్వు చూసుకో. బుధవారానికల్లా సామాను తెచ్చేసుకోండి."

బల్ల కింద ట్రూడీ పాదం వెస్లీ పాదాన్ని తాకింది. అతను నోరు తెరిచాడు. మెడ మీద నరం ఒకటి కొట్టుకోవడం ఆమెకి కనిపించింది.

"అలాగే సార్," అన్నాడు.

ఆమె పాదం వెనక్కి తీసుకుంది.

హార్లన్ వరండాలోకి వెళ్ళి ఊగుడు కుర్చీలో కూర్చున్నాడు. అతను ఓ కునుకు తీసి లేచేసరికి కేకు వేడిగా ఉండాలి. ఆడవాళ్ళిద్దరూ పని మొదలుపెట్టారు, వెస్లీ కడిగిన గిన్నెలు తుడుస్తున్నాడు. ముగ్గురూ మేజోళ్ళతో ఉన్నారు. ఆల్మా చర్చి బూట్లు, మడమలున్న నల్లవి, తలుపు వెనక పక్కపక్కన ఉన్నాయి. ట్రూడీ జల్లించింది, గిలక్కొట్టింది, కాఫీ పోసింది. పిండి నీళ్ళలా అయింది. ఇవాళ ఆమెకి భయం వెయ్యలేదు, ఆనందమూ వెయ్యలేదు. కేకు ఓవెన్‌లోకి వెళ్ళగానే ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. వెస్లీ గిన్నెని గిన్నె మీద పెట్టడానికి మధ్యలో తువ్వాలు వేస్తున్నాడు. ఆల్మా పెదాలతో మాత్రమే మాట్లాడుతోంది. వరండాలో కుర్చీ కిర్రు, కిర్రుమంటోంది.

కిర్రు ఆగింది.

హార్లన్ లోపలికి వచ్చాడు, ఐసు కోసం. బూట్లతో, నేల మధ్య నుంచి, ఎప్పటిలాగే. చెక్కలు వంగి లేచాయి. సొరుగులో చెంచాలు గలగలలాడాయి, అలమరలో కప్పులు ఒకదానికొకటి తగిలాయి. ఫ్రిజ్ తలుపు దభీమని మూశాడు. వెస్లీ కళ్ళు నేలకి వాలాయి, ఆల్మా కళ్ళు కుళాయికి. ఆ ఇంట్లో అతను నడిచేటప్పుడు ఎవరూ తల ఎత్తరు. కానీ ట్రూడీ కొత్తకోడలు. ఆ అలవాటు ఇంకా ఆమెకి రాలేదు. ఆమె ఓవెన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అద్దంలోంచి కేకుని చూస్తోంది.

కేకు సగం ఉబ్బి, మధ్యలో ఇంకా తడిగా, తాకితే వణికిపోయే స్థితిలో ఉంది. వణకలేదు. బూట్లు వచ్చాయి, బూట్లు వెళ్ళాయి. కేకు తన పాటికి తను పైకి లేస్తూనే ఉంది.

వరండాలో కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

"అమ్మా," అంది ట్రూడీ. ఆ పిలుపు మొదటిసారి అలా వచ్చేసింది. గొంతు తగ్గించడం ఆమె మర్చిపోయింది. "ఆయన నడిస్తే పడదా?"

వెస్లీ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. అతను ఓవెన్ వంక చూశాడు, నేల మధ్యన పడిన మట్టి అడుగుల వంక చూశాడు, మళ్ళీ ఓవెన్ వంక చూశాడు. ఇరవై ఏళ్ళుగా కళ్ళెదుట ఉన్న వస్తువుని ఇప్పుడే ఎవరో తీసుకొచ్చి పెట్టినట్టు చూశాడు.

"అమ్మా?" అన్నాడు.

ఆల్మా చేతులు తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకుంది. తలుపు వెనక్కి వెళ్ళి, గోడ పట్టుకుని, నల్ల బూట్లలో ఒక కాలు పెట్టింది, తరవాత రెండోది. గోడ వదిలేసింది. నేల మధ్యకి వచ్చి, కొడుకు మొహంలోకి చూస్తూ, కుడికాలు ఎత్తి బలంగా నేలకేసి కొట్టింది.

చెంచాలు గలగలలాడాయి.

ఇంకోసారి కొట్టింది. తరవాత ఆ సన్నటి పొడుగాటి మనిషి గౌను రెండు చేతులా పట్టుకుని, చిన్నపిల్ల గుంట దాటినట్టు, రెండు కాళ్ళూ ఎత్తి దూకింది. ఇల్లు దిమ్మల మీద మూలిగింది. అలమరలో కప్పు ఒకటి పక్కకి పడి దొర్లింది.

ముగ్గురూ అద్దంలోంచి చూశారు. కేకు నిండుగా, గుండ్రంగా, పసిపిల్ల బుగ్గలా లేచి ఉంది.

"ఆ రోజు నేను సోడా వెయ్యడం మర్చిపోయాను నాన్నా," అంది ఆల్మా. "నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. ఆయన నిన్ను చూశాడు. నేను నోరు విప్పలేదు."

ఆమె ఏడవలేదు. అతనూ ఏడవలేదు.

"ఏంటా చప్పుడు?" వరండాలోంచి మెల్లగా, చల్లగా వచ్చింది గొంతు. "ఓవెన్‌లో కేకు లేదూ?"

"ఉంది," అంది ఆల్మా మామూలు గొంతుతో. ఆమె మామూలు గొంతు అంత పెద్దదని ట్రూడీకి తెలీదు. "నేనే."

వెస్లీ తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. మెట్టు దగ్గరికి వెళ్ళి బూట్లు తెచ్చుకుని, కుర్చీలో కూర్చుని వేసుకున్నాడు. తాళ్ళు కట్టడానికి అతని వేళ్ళు సహకరించలేదు. ట్రూడీ వంగబోయింది. "వద్దు," అన్నాడు. ఈసారి అది అతని గొంతే. రెండు ముళ్ళూ బిగించి లేచి, నేల మధ్య నుంచి, మడమల మీద బరువు మోపి నడిచాడు. అతని అడుగులు ఇంత బరువుగా ఉంటాయని ఆమె ఎప్పుడూ వినలేదు. వంటగది, ముందుగది, తెర తలుపు. చెంచాలు అంతదూరమూ అతనితో పాటు మోగాయి.

కుర్చీ కిర్రు ఆగింది.

"మంగళవారం వచ్చే ఆ ఇల్లు మాకొద్దు నాన్నా," అంది వెస్లీ గొంతు. "తిప్పి పంపించెయ్."

సార్ అన్న మాట కోసం ట్రూడీ చెవులు ఎదురుచూశాయి. రాలేదు. వరండాలోంచి ఇంకే మాటా రాలేదు, ఎవరిదీ. ఇంటి కింద కుక్కలు లేచి ఎటో వెళ్ళిపోయాయి.

ఆల్మా ఓవెన్ తెరిచి కేకు తీసింది. పొయ్యి మీద వెన్నతో, పాలతో, పంచదార పొడితో కరుగుతున్న పీనట్ బటర్ తెచ్చి, ఒక మూల నుంచి ఇంకో మూలకి నిదానంగా పోసింది. అది వేడికి సుయ్‌మని, మెరుస్తూ, అంచుల దాకా పాకింది. చల్లారేదాకా ఆగాలి, లేకపోతే ముక్క విరిగిపోతుంది. ఆమె ఆగలేదు. చాకు తీసుకుని మూల ముక్క కోసింది. ముక్క విరిగింది, పొడి రాలింది. చేత్తోనే తీసుకుంది.

తెర తలుపు చప్పుడైంది. బరువైన అడుగులు ముందుగది దాటి ఇటే వస్తున్నాయి. ఎవరివో ట్రూడీకి తెలియలేదు. ఇప్పుడు ఇద్దరివీ ఒక్కలాగే మోగుతున్నాయి. ఆమె మణికట్టు మీద రోమాలు లేచి నిలబడ్డాయి. సొరుగులో చెంచాలు మొదలయ్యాయి.

ఆల్మా గుమ్మం వైపు తిరిగి నిలబడి, ముక్క నోట్లో పెట్టుకుని, తొందర లేకుండా నమిలింది.

"ఉప్పు సరిగ్గా సరిపోయింది," అంది. రెండో ముక్క ట్రూడీకి కోసింది.